మీ ఇంటికి పిట్టగోడ ఉందా?



పాత నిబంధన కాలంలో ఇశ్రాయేలీయుల ఇండ్లకు చదునైన మిద్దెలు ఉండేవి. వారు ఆ మిద్దెలమీద పంట ఎండబెట్టుకొనేవారు, చల్లగాలికి పడుకొనేవారు, ఏకాంతంగా ప్రార్థన చేసికొనేవారు. వేసవిలో మన పల్లెల్లో మిద్దెను ఎలా వాడుకొంటామో వారూ అలాగే వాడుకొనేవారు. కనుకనే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, పక్షిగూళ్లను గురించి, పొలంలో విత్తనాలను గురించి చెప్పిన మాటల మధ్య, ఇల్లు కట్టుకొనేవానికి ఒక చిన్న ఆజ్ఞ కనిపిస్తుంది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కూడా కట్టాలి. అది లేనందువల్ల ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటిమీద ఉంటుంది. ఇదే దాని భావం.

ఈ ఆజ్ఞ ఎవరికి ఇవ్వబడిందో గమనించండి. మిద్దెమీద నడిచేవానికి కాదు, ఇల్లు కట్టేవానికి. ఎప్పుడు చేయమన్నదో కూడా గమనించండి. ఎవరో పడిన తరువాత కాదు, పడకముందు.

మన ఇండ్లలో తరచుగా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. రెండేళ్ల పిల్లవాడు వేడిగిన్నె ముట్టుకొంటే వాడికి ఒక దెబ్బ పడుతుంది. "చెప్తే వినవేం రా?" అని కోప్పడతాం. రెండేళ్ల బిడ్డకు కాళ్లు వచ్చాయి గాని బుద్ధి ఇంకా రాలేదు. నిన్న తిన్న దెబ్బ ఈ రోజు వాడికి గుర్తుండదు. కనబడిన ప్రతిదాన్నీ పట్టుకోవాలి, నోట్లో పెట్టుకోవాలి. ఆ వయసుకు అదే చదువు. ఆ వయసు బిడ్డకు జాగ్రత్త నేర్పడం మంచిదే. కాని వాడిని కాపాడేది ఆ నేర్పిన మాట కాదు, మనం కట్టిన పిట్టగోడే.

ఇక్కడ ఒక బరువైన మాట చెప్పవలసి ఉంది. చిన్న పెట్టెను సమాధిలో దింపే పని సంఘకాపరికి అన్నిటికంటె కష్టమైన పని. అటువంటి రోజున చుట్టుపక్కలవారు "వాడి ఆయుష్షు అంతే" అంటారు. మనవారు "దేవుని చిత్తం" అంటారు. మనుష్యులెవరూ ఆపలేని మరణాలు ఉన్నాయి. వాటియెదుట మనం తల వంచుతాం. కాని ఒక మూత, ఒక గొళ్లెం, ఒక తాళం ఆపగలిగిన మరణాన్ని దేవునిమీద వేయడం న్యాయం కాదు. పిట్టగోడ ఆజ్ఞ చెప్పేది అదే. అలాగని బిడ్డను పోగొట్టుకొన్న తల్లివైపు వేలు చూపించకండి. ఆమె దుఃఖం ఆమెకు చాలు. ఈ మాటలు జరిగినదాన్ని తవ్వడానికి కాదు, ఇప్పుడు మన గడపలో పారాడుతున్న బిడ్డలకోసం.

విషం పోసిన సీసా

కుటుంబ దర్శనాలకు వెళ్లినప్పుడు ఎన్నో ఇండ్లలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. కిటికీలోనో, గూటిలోనో, మంచం కిందో ఒక కూల్‌డ్రింకు సీసా ఉంటుంది. అందులో ఉండేది డ్రింకు కాదు, పొలంనుండి మిగిలి వచ్చిన పురుగుమందు. డబ్బా పెద్దదనో, పక్కింటివారికి కొంచెం ఇవ్వాలనో సీసాలో పోస్తారు. కిరసనాయిలు వాడకం చాలా ఇండ్లలో తగ్గింది గాని, మోటారు సైకిలుకు పెట్రోలు, ఇంజనుకు డీజిలు, బాత్‌రూముకు యాసిడ్, పినాయిలు ఇప్పుడు ఆ సీసాల్లోకే చేరాయి. బిడ్డకు సీసా మాత్రమే తెలుసు. జాతరలో తండ్రి కొనిపెట్టిన తీపి నీళ్లు అందులోనే తాగాడు. వాడిని ఎలా తప్పుపట్టగలం?

2013 జూలైలో బీహారు రాష్ట్రంలోని సారణ్ జిల్లాలో ఒక గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. పురుగుమందు డబ్బాలోనే వంటనూనె పోసి ఉంచారని విచారణలో బయటపడింది. ఒక ఖాళీ డబ్బా ఒక ఊరి బిడ్డలను అంతమందిని పొట్టనబెట్టుకొన్నది.

కాబట్టి ఈ నాలుగు నియమాలు ప్రతి రైతు ఇంటిలో ఉండాలి.

మొదటిది, మందు ఏ డబ్బాలో వచ్చిందో ఆ డబ్బాలోనే ఉండాలి. వేరే సీసాలో ఒక్క చుక్క కూడా పోయరాదు. రెండవది, ఆ డబ్బాలన్నీ ఒక ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేయాలి. పెట్టె పడుకొనే గదిలోనూ, వంటింటిలోనూ ఉండకూడదు. మూడవది, ఖాళీ అయిన డబ్బాను ఎంత కడిగినా ఇంటి వాడకానికి తేకూడదు. దాన్ని పొలంలోనే మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రేయరులోనే పోసి, డబ్బాకు బెజ్జాలు కొట్టి, బావికీ చెరువుకూ దూరంగా పూడ్చివేయండి. నాలుగవది, మందు కొట్టి వచ్చిన మనిషి స్నానం చేసి బట్టలు మార్చుకొన్న తరువాతనే బిడ్డను ఎత్తుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

చదువురాని వారికి కూడా డబ్బామీద ఒక గుర్తు ఉంటుంది. మూలమీద నిలబెట్టిన చదరపు గుర్తులో కింది సగం ఎరుపు అయితే అతి తీవ్రమైన విషం. పసుపు దాని తరువాతది. నీలం మధ్యరకం. ఆకుపచ్చ వాటికంటె తక్కువ. ఆకుపచ్చ అంటే విషం లేదని మాత్రం అనుకోవద్దు, ముఖ్యంగా చిన్నపిల్లల విషయంలో.

ధాన్యానికి పురుగు పట్టకుండా మూటల్లో పెట్టే బిళ్లలను గురించి కూడా తెలిసికోండి. వాటినుండి విషవాయువు వస్తుంది. ఆ మూటలున్న గదిలో తలుపులు మూసికొని పడుకొంటే ప్రాణాలకే అపాయం. ఎలుకలమందు పేస్టు చూడడానికి పళ్లపేస్టులాగే ఉంటుంది. పళ్లపొడి పెట్టే గూటిలో దాన్ని ఎన్నడూ ఉంచకండి.

బిడ్డ ఏదైనా మింగితే ఊరిలో వెంటనే పేడనీళ్లో, ఉప్పునీళ్లో, చింతపండు పులుసో తాగించి కక్కిస్తారు. ఇది చేయకండి. కిరసనాయిలు, పెట్రోలు కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అక్కడే అసలు ప్రమాదం. యాసిడ్ పైకి వచ్చేటప్పుడు గొంతును మరొకసారి కాలుస్తుంది. స్పృహ తప్పుతున్న బిడ్డ నోట్లో ఏమి పోసినా ఊపిరి ఆడదు. మందు ఒంటిమీద పడితే బట్టలు విప్పి సబ్బునీళ్లతో బాగా కడగండి. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకొనిపోండి. ఆ డబ్బాను కూడా వెంట తీసుకొనిపోవడం మరువకండి. డబ్బామీద పేరు చూస్తేనే డాక్టరుగారికి విరుగుడు తెలుస్తుంది.

తల్లి మాత్రలు, బిడ్డ నోరు

గర్భిణీ స్త్రీలకు, బాలింతలకు ఇచ్చే ఐరన్ మాత్రలు మంచివి, తప్పక వాడాలి. కాని అవి చూడడానికి చాక్లెట్లలాగే ఉంటాయి. చిన్నబిడ్డ వాటిని గుప్పెడు మింగితే అది ప్రాణాంతకమైన విషం. అలాగే అవ్వ బి.పి. మాత్రలు, తాత షుగరు మాత్రలు. వీటిని దిండు కింద, టి.వి. మీద ఉంచకుండా, మూతగల డబ్బాలో పెట్టి ఎత్తైన అలమారలో ఉంచండి. మందు తాగించేటప్పుడు "చాక్లెట్టు తిను నాన్నా" అని ఎన్నడూ చెప్పకండి. ఈ రోజు మీరు చెప్పిన అబద్ధాన్ని వాడు రేపు నమ్ముతాడు.

అయిదేళ్లలోపు బిడ్డలకు వేరుశనగ గింజలు, శనగలు అలాగే పెట్టకండి. నమిలే పళ్లు ఇంకా పూర్తిగా రాలేదు. నవ్వుతూ పరుగెత్తుతూ తింటే గింజ గాలిగొట్టంలోకి పోతుంది. పొడి చేసి, ఉండ చేసి పెట్టండి. చింతగింజలు, సీతాఫలం గింజలు, నాణెములు, బొత్తాలు నేలమీద లేకుండా చూడండి. ఆటబొమ్మల్లో వచ్చే బిళ్లలాంటి చిన్న బ్యాటరీ అన్నిటికంటె ప్రమాదకరం. అది ఆహారనాళంలో ఇరుక్కొంటే రెండు గంటల్లోనే లోపల కాల్చడం మొదలుపెడుతుంది. మింగాడని అనుమానం వచ్చినా తెల్లవారేవరకు ఆగకండి.

ఏడాదిలోపు బిడ్డకు గొంతులో ఏదైనా అడ్డుపడి ఏడుపు కూడా రాకపోతే, మీ ముంజేతిమీద బోర్లా, తల కిందికి ఉండేటట్లు పడుకోబెట్టి, రెండు రెక్కల మధ్య అరచేతితో అయిదుసార్లు తట్టండి. రాకపోతే వెల్లకిల తిప్పి రొమ్ము మధ్యలో రెండు వేళ్లతో అయిదుసార్లు నొక్కండి. వస్తువు బయటపడేవరకు ఇలా మార్చి మార్చి చేయండి. కనబడని దానికోసం వేలు పెట్టి గొంతులో కెలకకండి. అది ఇంకా లోపలికి పోతుంది.

జానెడు నీళ్లు చాలు

బావి, చెరువు అంటే అందరికీ భయమే. కాని పాకే బిడ్డకు చెరువు అవసరం లేదు. బట్టలు నానబెట్టిన బకెట్టు చాలు. ఆ వయసులో తల బరువు, ఒళ్లు తేలిక. తొంగి చూసి తలకిందులుగా పడితే మళ్లీ లేవలేడు, అరవలేడు కూడా. పక్క గదిలో ఉన్న తల్లికి చప్పుడు వినబడదు.

గాబుకూ, సంపుకూ మూత పెట్టండి. పెద్ద మూత కొనలేకపోతే రేకు ముక్కమీద రాయి పెట్టినా సరే. పని అయిపోయిన బకెట్టును బోర్లించండి. ఇది ఖర్చు లేని పని. పశువుల తొట్టి, ఇల్లు కట్టడానికి తవ్విన సున్నపు గుంత, పొలంలోని నీటికుంట కూడా గుర్తుంచుకోండి. నాట్ల రోజుల్లో బిడ్డను గట్టుమీద పడుకోబెడితే, నిద్ర లేచేవరకు ఒక మనిషి కన్ను అటే ఉండాలి.

నీళ్లు పడని బోరు గుంతను గోనెసంచితో కప్పి వదిలేస్తారు. 2020 మే నెలలో మెదక్ జిల్లాలో మూడేళ్ల బాబు కొత్తగా తవ్విన బోరు గుంతలో పడి చనిపోయాడు. 2010లోనే సుప్రీంకోర్టు దీనిని గురించి స్పష్టమైన ఆదేశాలిచ్చింది. బోరు వేసేటప్పుడు చుట్టూ కంచె ఉండాలి. పనికిరాని బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగునుండి నేల మట్టంవరకు పూడ్చాలి. బోరు బండి వెళ్లిపోకముందే ఆ గుంతకు మూత బిగించారో లేదో పొలం యజమాని చూసికోవాలి. డబ్బు ఇచ్చేది ఆ తరువాతే.

నీళ్లలోనుండి తీసిన బిడ్డను కాళ్లు పట్టుకొని గిరగిర తిప్పడం మన పల్లెల్లో చూస్తుంటాం. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, రొమ్ము మధ్యలో నొక్కాలి. ఇది ఎలా చేయాలో మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి నేర్చుకోండి. సంఘంలో యౌవనస్థులు కొందరైనా నేర్చుకొని ఉండడం ఎంతో అవసరం.

మరిగే గిన్నె, ఇనుప తీగ

నేలమీద పొయ్యి ఉన్న ఇంటిలో పాకే బిడ్డకు ప్రమాదం ఎక్కువ. పొయ్యి చుట్టూ మోకాలెత్తు మట్టి అరుగు గాని, వంటింటి గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క గాని పెట్టండి. వార్చిన గంజి, దించిన చారు గిన్నె నేలమీద పెట్టి వెనక్కి తిరగకండి. గ్యాసు పొయ్యిమీద గరిటె కాడ, గిన్నె పిడి గోడవైపు తిరిగి ఉండాలి. బిడ్డను చంకనేసుకొని వేడినీళ్లు మోయకండి. స్నానానికి తొట్టిలో ముందు చన్నీళ్లు పోసి, తరువాతనే వేడినీళ్లు కలపండి.

కాలినచోట వెంటనే చల్లని మామూలు నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయండి. మంచుగడ్డలు వద్దు. గాజులు, మొలతాడు, కాళ్ల కడియాలు వాపు రాకముందే తీసివేయండి. అతుక్కొన్న బట్టను లాగకండి. టూత్‌పేస్టు, సిరా, కోడిగుడ్డు సొన రాయకండి. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకొనిపోండి.

బట్టలు ఆరవేసే ఇనుప తీగ ఎన్నో ఇండ్లలో ప్రాణాలు తీసింది. తడిసిన గోడమీదనో, సర్వీసు వైరు పక్కనో కట్టిన తీగకు కరెంటు వస్తుంది. తడిబట్ట వేయబోయిన మనిషిని పట్టుకొంటుంది. విడిపించబోయిన వారినీ పట్టుకొంటుంది. ఆ తీగను ఈ రోజే విప్పి నైలాను తాడు కట్టండి. ఖర్చు కొద్ది రూపాయలే. ఎవరికైనా కరెంటు పట్టుకొంటే చేతితో ముట్టుకోకుండా ముందు మెయిను ఆపండి.

నేలమీద పడుకొనే బిడ్డలకు కట్లపాము భయం ఉంది. అది రాత్రిపూట తిరుగుతుంది. కాటు గుర్తు సరిగా కనబడదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పి అని లేచి, కనురెప్పలు వాలిపోతుంటే అజీర్తి అనుకొని ఊరుకోకండి. మంచంమీద పడుకోబెట్టి, దోమతెర అంచులు పరుపు కిందికి మడవండి. దోమతోపాటు పామునూ అది అడ్డుతుంది. కాటు వేస్తే కోయవద్దు, బిగించి కట్టవద్దు, మంత్రగానికోసం ఆగవద్దు. బిడ్డను నడిపించకుండా ఎత్తుకొని ఆసుపత్రికి చేరండి. విరుగుడు సూది అక్కడే ఉంటుంది.

బిడ్డ ఎవరి దగ్గర?

పెండ్లి ఇంటిలో ఇరవైమంది ఆడవాళ్లుంటారు. బిడ్డ అత్త దగ్గర ఉన్నాడని తల్లి అనుకొంటుంది, తల్లి దగ్గర ఉన్నాడని అత్త అనుకొంటుంది. ఇరవైమంది ఉన్నచోట బిడ్డను ఒక్కరూ చూడరు. మన సంఘాల్లో ప్రేమవిందు రోజున కూడా అంతే. దేగిశాల్లో సాంబారు మరుగుతుంటుంది, పిల్లలు వాటి మధ్య దాగుడుమూతలు ఆడుతుంటారు. వంట జరిగేచోట చుట్టూ తాడు కట్టడం సంఘపెద్దలు తమ బాధ్యతగా తీసికోవాలి.

ఇంటిలో ఒక చిన్న అలవాటు చేసికోండి. బిడ్డను అప్పగించేటప్పుడు పేరు పెట్టి అప్పగించండి. "వదినా, బాబు ఇప్పుడు నీ దగ్గర" అనాలి. ఆమె "సరే, నా దగ్గరే" అనాలి. ఆ మాట వినేవరకు బిడ్డ మీ దగ్గరే ఉన్నట్లు. ఎనిమిదేళ్ల అక్కకు తమ్ముణ్ణి అప్పగించి పొలానికి పోకండి. అక్క కూడా బిడ్డే. మూడేళ్లు నిండినవారిని అంగన్‌వాడీకి పంపండి. మిగిలినవారికోసం పక్కపక్క ఇండ్లవారు వంతులు వేసికోవచ్చు. కోతల కాలంలో ఒక అవ్వ నలుగురు బిడ్డలను చూసికొంటే, ఆమె కూలి ఆ నలుగురు తల్లులూ కలిసి ఇవ్వడం న్యాయమే.

తండ్రులకు ఒక మాట

ఇంటిలో ఏదైనా జరిగితే "నువ్వేం చేస్తున్నావు?" అనే ప్రశ్న భార్యకే వస్తుంది. కాని ఇంతవరకు చెప్పిన వాటిని మళ్లీ చూడండి. పురుగుమందు ఎవరు తెచ్చారు? పెట్రోలు సీసాలో ఎవరు పోశారు? బోరు ఎవరు వేయించారు? తీగ ఎవరు కట్టారు? మిద్దెకు పిట్టగోడ తరువాత కట్టిద్దామని ఎవరన్నారు? పూర్వకాలపు ఆ ఆజ్ఞ ఇంటి యజమానికే ఇవ్వబడింది. అన్నా, పెట్టెకు తాళం కొనేది మీరే.

ఈ శనివారం సాయంత్రం

ఈ శనివారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక అరగంట తీరిక చేసికోండి. మీ చిన్నబిడ్డ ఎంత ఎత్తు ఉన్నాడో అంత ఎత్తుకు వంగి, మోకాళ్లమీద ఇల్లంతా తిరగండి. ఆ ఎత్తునుండి చూస్తేనే మంచం కింద సీసా కనబడుతుంది, వేలాడే వైరు కనబడుతుంది.

ఆ అరగంటలో ఈ పనులు ముగించండి:

1. సీసాల్లో పోసిన మందులు, ఆయిళ్లు, యాసిడ్ ఏరి తాళం పెట్టెలో పెట్టాలి.
2. గాబుకు మూత వేయాలి, ఖాళీ బకెట్లు బోర్లించాలి.
3. మాత్రలన్నీ ఎత్తైన అలమారలోకి చేర్చాలి.
4. ఇనుప తీగ విప్పి తాడు కట్టాలి.
5. మిద్దె మెట్లకు అడ్డుచెక్క పెట్టాలి. పిట్టగోడ లేకపోతే సంక్రాంతి గాలిపటాలకు ముందే కట్టించాలి.
6. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు 108కి ఫోను చేసి ఊరిపేరు, మండలం, ఇంటి గుర్తు చెప్పడం నేర్పాలి.
7. "ఏ సీసాలో ఉన్నదైనా అమ్మను అడగకుండా తాగకూడదు" అనే ఒక్క మాట బిడ్డలందరిచేతా చెప్పించాలి.

మీ ఇంటి పని ముగిసిన తరువాత పక్కింటికి వెళ్లండి. ఆ ఇంటిలో విధవరాలో, ఒంటరి తల్లో ఉంటే ఆమె గాబుకు మూత మీరు వేసి రండి. ప్రతి రాత్రి బిడ్డల తలమీద చేయి పెట్టి ప్రార్థించి పడుకొంటాం. అది మంచిది, మానవద్దు. కాని పడుకోబోయే ముందు ఆ చేతితోనే పెట్టెకు తాళం పడిందో లేదో ఒకసారి లాగి చూడండి.